కోలా కనబడలేదని అలిగినవాళ్ళ కోసం ఈ పోస్టు

సెలవులకి సిడ్నీ నుంచి మూడు తెలుగు కుటుంబాలం క్వీన్స్‌లాండ్ వెళ్ళాం. అక్కడ మాస్‌మన్ గార్జ్ అనే లోయలో దిగగానే మా బ్యాచ్‌లో ఒకాయన మొదటి ప్రశ్న: "కోలాలు ఎటువైపు?"

అయ్యా, కోలా అనే ఆ బొచ్చు జంతువు తినేది యూకలిప్టస్ ఆకు. ఇది డెయిన్‌ట్రీ వర్షారణ్యం. ఇక్కడ తిరిగేది కాసోవరీ. మనిషంత పక్షి, నెత్తిన కిరీటం, కాలికి కత్తిలాంటి గోరు. పెద్దపెద్ద పళ్ళు గుటుక్కున మింగి, గింజల్ని దూరంగా వేసి అడవిని పెంచేది అదే. గుడ్లు పొదిగేది, పిల్లల్ని సాకేది మగపక్షి (ఈ మాట మా ఆవిడ ఆ రోజు నాలుగుసార్లు గుర్తుచేసింది).

రెండో గోల ఇంకా ఘోరం. మా గైడ్ కుకు యలంజి మనిషి, అంటే ఈ అడవి ఆదివాసుల్లో ఒకడు. టీషర్టు, టోపీ, బూట్లతో వచ్చాడు. "ఒంటికి రంగుల్లేవేంటి? డాన్స్ ఉండదా?" అని వెనక నుంచి తెలుగులో గొణుగుడు. నాకు తల తీసేసినట్టయింది. ఆయనకి తెలుగు రాకపోవచ్చు, మన చూపులు అర్థం కావా?

2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్కు భూమిని ప్రభుత్వం తూర్పు కుకు యలంజి వాళ్ళకి తిరిగి అప్పజెప్పింది. అంటే మనం వాళ్ళింటికి వచ్చిన చుట్టాలం. ఇంటాయన్ని వేషం కట్టమంటామా? అరకు రిసార్టులో మంట పక్కన ధింసా ఆడించుకుని, రీల్ తీసుకుని, ఆడినవాళ్ళది ఏ ఊరో కూడా అడగకుండా వచ్చేసే అలవాటు సముద్రం దాటినా పోలేదు.

టికెట్ రేటు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ అడవిలోకి వెళ్ళే ముందు గైడ్ ఆకులు కాల్చి పొగ పడితే, మా అమ్మ సాంబ్రాణి వేసినప్పటిలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత గైడ్ బ్లాక్ బీన్ అనే చెట్టు గింజలు చూపించాడు. నిగనిగలాడుతూ ఉంటాయి, పచ్చివి తింటే విషం. కాల్చి, సన్నగా తరిగి, పారే నీళ్ళలో రోజుల తరబడి నానబెడితేగానీ తిండికి పనికిరావట. "కంద దురద పోవడానికి మనం చింతపండు వెయ్యమూ, అట్లాగే" అంది అమ్మ. మొదట ఆ సంగతి కనిపెట్టడానికి ఎంతమంది కడుపునొప్పులు పడ్డారో!

తర్వాత ఏదో ఆకు తుంపి, నీళ్ళతో అరచేతిలో నలిపాడు. తెల్లగా నురగ! "కుంకుడురసంలాగే ఉందిరా, ఆయనకి చెప్పు" అంది అమ్మ. చెప్పాను. ఆయన "కుంకుడు, కుంకుడు" అని రెండుసార్లు పలికి చూసుకుని, అది చెట్టా తీగా అని అడిగాడు. అమ్మ చేతులు చాపి చెట్టు ఎంత ఉంటుందో చూపిస్తోంది.

మా కోలా మిత్రుడు అప్పటికి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.