కొన్న ఆటకు తాళం ఎవరు వేశారు?

విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు 'జీటీఏ: శాన్ ఆండ్రియాస్' గేమ్‌లోంచి ఒక విమానం మాయమైంది. స్కిమ్మర్ అని, నీళ్ల మీద దిగే చిన్న విమానం. చీట్ కొట్టి బలవంతంగా తెప్పిస్తే మన హీరో సీజే దాంతోపాటు ఆకాశంలో ఎక్కడికో ఎగిరిపోతాడు. తప్పు మైక్రోసాఫ్ట్‌దే అనిపించడం సహజం. 2025 ఏప్రిల్‌లో తేలిందేమిటంటే, ఆ తప్పు ఇరవై ఏళ్ల కిందటిది. బండ్ల వివరాలుండే ఫైల్లో స్కిమ్మర్ వరుసలో చక్రాల కొలతలు రాయలేదు. అదే వరుసలో అంతకుముందు వచ్చిన 'వైస్ సిటీ' గేమ్‌లో దాన్ని పడవ కింద లెక్కేశారు, పడవకు చక్రాల కొలత దేనికి? కొలత దొరక్కపోయినా, ముందు చదివిన బండి తాలూకు అంకెలు మెమరీలో మిగిలి ఉండేవి కాబట్టి గేమ్ వాటితోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. కొత్త విండోస్ ఆ చోటును తన పనికి వాడుకుంది. విమానం పోయింది.

దీన్ని కనిపెట్టి సరిచేసే ప్యాచ్ రాసిందెవరు? పాత గేమ్స్‌ను ఏళ్ల తరబడి మరమ్మతు చేస్తూ వస్తున్న ఒక అభిమాని. గేమ్ అమ్ముకున్న కంపెనీ కాదు.

పాత గేమ్స్ కొత్త సిస్టమ్‌లో నడవవంటే మనం "టెక్నాలజీ మారిపోయింది కదా" అని సర్దుకుపోతాం. నేను సర్దుకోను. విండోస్‌కు ముందటి డాస్ గేమ్స్‌ను కొత్త కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్ 2002 నుంచీ ఉంది. వూడూ గ్రాఫిక్స్ కార్డుల కోసం రాసిన గేమ్స్, ఆ కార్డులు చేసిన కంపెనీ పోయి పాతికేళ్లయినా, ఆ కార్డు ఉన్నట్టే నమ్మించే ర్యాపర్ ప్రోగ్రామ్ ఒకటి తగిలిస్తే ఆడుతున్నాయి. విండోస్ గేమ్స్ వేలకొద్దీ లినక్స్‌లో ప్రోటాన్ అనే ప్రోగ్రామ్ మీద నడుస్తున్నాయి. ఆ ప్రోటాన్‌కు ఆధారమైన వైన్ 1993లో మొదలైన పని. కంపెనీలు తలుచుకుంటే ఎంత దూరమైనా వెళ్తాయనడానికి సిమ్‌సిటీయే సాక్ష్యం. అది తాను వదిలేసిన మెమరీనే మళ్లీ చదివే అలవాటున్న గేమ్. విండోస్ 95లో అది పడిపోతుందని తెలిసి, సిమ్‌సిటీ నడుస్తోందని గుర్తిస్తే చాలు ఆ మెమరీని వెంటనే లాక్కోకుండా ఆగేలా మైక్రోసాఫ్ట్ తన సిస్టమ్‌లోనే ప్రత్యేకంగా కోడ్ పెట్టింది. కొత్త విండోస్ అమ్ముడుపోవాలి మరి! అదే మైక్రోసాఫ్ట్, 64 బిట్‌కు మార్చాక బంతి అడ్డాల్లోంచి దూరిపోతోందని, ఎవరో రాసిన కోడ్ అంతు చిక్కడం లేదని, మన ఎక్స్‌పీ పిన్‌బాల్‌ను విండోస్ నుంచే ఎత్తేసింది. తర్వాత దాన్ని విప్పి చూసి తిరిగి రాసిందీ అభిమానులే. ఇప్పుడది 64 బిట్‌లోనూ ఆడుతుంది.

నా అరలో 2000 ప్రాంతంలో డబ్బిచ్చి కొన్న సీడీలు కొన్ని ఉన్నాయి. గీత కూడా పడలేదు. వాటిలో కాపీలను ఆపే సేఫ్‌డిస్క్ తాళం ఉన్నవి విండోస్ 10 వచ్చిన దగ్గర్నుంచి తెరుచుకోవడం లేదు, ఎందుకంటే సీడీ అసలుదో నకిలీదో చూసే డ్రైవర్‌ను ఆ విండోస్ తీసేసింది. న్యాయంగా చెప్పాలంటే తీసేయడానికి కారణం ఉంది. ఆ డ్రైవర్‌లో లోపం ఉందని, దాని ద్వారా సిస్టమ్‌ను చేజిక్కించుకోవచ్చని 2007లోనే బయటపడింది. ముప్పై ఏళ్ల చెత్తనంతా మోస్తూ ఏ సిస్టమూ భద్రంగా ఉండలేదన్న వాదనా ఒప్పుకుంటాను.

కానీ తాళంచెవి పారేసినవాళ్లు తాళం కూడా తీసెయ్యాలి కదా. అది జరగలేదు. డబ్బు పెట్టి కొన్నవాడు తన గేమ్ తాను ఆడుకోవడానికి దొంగ సైట్‌లో ఆ తాళం తీసే క్రాక్ వెతుక్కోవాలి, దాంతోపాటు వచ్చే వైరస్ టెన్షన్ ఉచితం. అమెరికాలో 1998 కాపీరైట్ చట్టం ప్రకారం మినహాయింపులు పోగా తాళం పగలగొట్టడమే తప్పు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కాస్త నయం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే నేరమంటుంది. అయినా కంప్యూటర్ ప్రోగ్రామ్ మన చట్టం దృష్టిలో సాహిత్య రచన. రాసినవాడు పోయిన 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. విండోస్ ఎక్స్‌పీ బతికింది ఎన్నాళ్లు?

అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఆ గేమ్స్‌ను పరిశోధకులకు ఇంటి దగ్గరే చూసుకోనిస్తామని లైబ్రరీల తరఫున అడిగితే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

'జీటీఏ 3', 'వైస్ సిటీ'ల కోడ్‌ను అభిమానులు విప్పి, కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు తిరిగి రాసి 2021లో బయటపెట్టారు. ఆడాలంటే అసలు గేమ్ ఫైళ్లు దగ్గరుండాల్సిందే, అంటే కంపెనీకి పైసా నష్టం లేదు. హక్కులున్న టేక్-టూ సంస్థ ఆ కోడ్‌ను నెట్ నుంచి తీయించింది, సెప్టెంబరులో కోర్టుకెక్కింది. రెండు నెలలకు తన సొంత రీమాస్టర్లు, అంటే మెరుగుపరిచామన్న కొత్త వెర్షన్లు దించింది. వాటికోసం పాతవాటిని దుకాణాల్లోంచి ముందే తీసేశారు. కొత్తవి ఎంత అధ్వానంగా ఉన్నాయంటే, టేక్-టూ కింద ఈ గేమ్స్ చేసే రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి పాత గేమ్స్‌ను మళ్లీ అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది.

ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 'డూమ్' గేమ్‌ను 1993లో విడుదల చేసి, నాలుగేళ్లకే సోర్స్ కోడ్‌ను జనానికి ఇచ్చేసింది. బొమ్మలు, లెవెల్స్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఈ రోజు డూమ్ నడవని సిస్టమ్ ఏదో వెతుక్కోవాలి. ఆ గేమ్ ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. మరమ్మతు జనం చేస్తున్నారు, డబ్బు కంపెనీకి వస్తోంది. ఇంతకంటే లాభసాటి బేరం నాకైతే తెలీదు. 2025లో ఈఏ కంపెనీ కూడా 'కమాండ్ అండ్ కాంకర్' జనరల్స్ గేమ్ కోడ్‌ను ఇలాగే విడుదల చేసింది. దీన్ని కంపెనీల దయకు వదలొద్దనే నా వాదన. అమ్మడం, చూసుకోవడం రెండూ మానేసిన ప్రోగ్రామ్ కోడ్‌ను అప్పగించి తీరాలని చట్టమే చెప్పాలి.

ఆటల గోల మనకెందుకు అనేవాళ్లు ఏ డీటీపీ షాపుకైనా వెళ్లి చూడండి. 1990ల నుంచి చాలా ఏళ్లపాటు తెలుగు పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు అను లాంటి ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో తయారయ్యాయి. ప్రతి అక్షరానికీ అంతటా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటున్నా మన టైపింగ్ అటు పోలేదు. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తలకట్లు, గుడులు, ఒత్తుల బొమ్మలు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో పెద్ద నవలైనా పిచ్చిగీతలే. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది, ఎనిమిదోది రానే లేదు. వీటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు తయారుచేసిందీ ఎక్కువగా ఔత్సాహికులే. ఒక్కో ఒత్తూ సరిచూసుకుంటూ, సొంత సమయంలో.

మా పేటలో డీటీపీ చేసే ఆయన దగ్గర ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి ఇంకా ఉంది. పాత పుస్తకం రెండో ముద్రణ కావాలంటే దాన్నే ఆన్ చేస్తాడు. నెట్ ఇవ్వడు, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది పెట్టనివ్వడు. "ఇది పోతే ఆ ఫైళ్లన్నీ పోయినట్టే సార్" అంటాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అందులోనే పిన్‌బాల్ ఆడుతుంటాడు.