నిషేధం ఉన్నా సాంబారు కవర్లోనే

తమిళనాడులో వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను 2019 జనవరి 1 నుంచే నిషేధించారు. అయినా చెన్నైలో పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి, దారం చుట్టి చేతిలో పెడుతూనే ఉన్నారు. మన తెలుగువాళ్ల కర్రీ పాయింట్లూ అంతే: పప్పు, పులుసు, పెరుగు, మూడిటికీ మూడు కవర్లు. కడుపు మండిపోతుంది!

మందం కొలిచే పనే లేదు. కేంద్రం నిబంధన 120 మైక్రాన్ల మందం లోపు సంచులకే; తమిళనాడులో మందం ఎంతైనా ప్లాస్టిక్ క్యారీబ్యాగు నిషేధమే. గుడ్డసంచిలా కనబడే నాన్‌వోవెన్ సంచీ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. అంచు నుంచి చిన్న పీలిక తీసి వెలిగించి చూడండి: నూలైతే బూడిదవుతుంది, ఇదైతే కరిగి ముద్ద కడుతుంది. టీ పోసే పేపర్ కప్పుకీ లోపల ప్లాస్టిక్ పూతే, అందుకే అదీ జాబితాలో ఉంది.

తనిఖీలో దొరికేది మాత్రం పూలమ్మే అవ్వ. ఆమెకు కట్టలకొద్దీ అమ్మిన టోకు కొట్టును ముందు పట్టుకోవాలి కదా! మంజప్పై (తమిళంలో పసుపు సంచి) యంత్రంలో 10 రూపాయలు వేస్తే గుడ్డసంచి వస్తుంది, సరే. మరి సాంబారుకి? స్టీలు క్యారియర్ తెచ్చినవాళ్లకి పార్సిల్ ఛార్జీ తీసేయొచ్చు, అదీ చేయరు. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవగానే ఈ కవర్లే కాలువల మూతికి అడ్డంపడి నీళ్లు వీధిలో నిలుస్తాయి.