కోనోకార్పస్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కోనోకార్పస్ గారి దివ్య సముఖానికి,

తిరుపతి కాలనీవాసులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, ఏ ఊరి డివైడర్ మీద చూసినా పచ్చటి మొక్కలై నవనవలాడుతూనే ఉంటారు. మేమూ మొన్న ఆదివారం తమరు మా పార్కులో లారీ దిగేదాకా బాగానే ఉన్నాం.

అప్పటికి ముఖ్య అతిథి గారి కోసం ఎండలో నిలబడి మా కాళ్ళు పీకుతున్నాయి. ఆయన వచ్చారు, మొక్క పట్టుకున్నారు, ఫొటో దిగారు, వెళ్ళారు. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టిన నాటి నుంచి అలవాటైన తంతే కాబట్టి దాని గురించి గొడవ లేదు. ఫ్లెక్సీ పార్కు కంటే వెడల్పుంది, దాని గురించీ గొడవ లేదు. కానీ ఆ ఫ్లెక్సీ మీద ‘స్థానిక జాతులతో మియావాకి చిట్టడవి’ అని రాసుంది. ఆ నేల చెట్లనే ఒత్తుగా నాటి అడవి పెంచే జపాన్ పద్ధతి అది. దాని కిందే తమరు, ట్రేలకు ట్రేలు! వేరే మొక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

మేం కాంట్రాక్టర్ గారికి రాసిచ్చిన జాబితాలో నేరేడు, ఉసిరి, కానుగ, రేల, మద్ది, బిల్లుడు, ఎర్రచందనం ఉన్నాయి. తమరి పేరు ఏ మూలా లేదు. ఇదేమిటని డ్రైవర్‌ని అడిగితే, “నర్సరీలో ఇవే ఉండాయి సామీ. పచ్చగా ఉంటే సరిపోదా?” అన్నాడు. పాపం, ఆయన్ని ఏమనగలం?

తమరిని నాటిన ఆ మట్టి సంగతి తమరికి తెలియదు. మీటరు లోతు తవ్వించాం. ఇటుక ముక్కలు, పగిలిన టైల్స్, ఎవరి ఇంటిదో పాత వాష్‌బేసిన్ బయటపడ్డాయి. మా వీధి ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగేసి పశువుల ఎరువు, వరి ఊక, కొబ్బరి పొట్టు కొనిపించారు. బూట్లు విప్పి తొక్కితే అడుగు దిగబడేంత గుల్లగా కలిపించారు. మొక్కల మొదళ్ళలో కప్పడానికి వరిగడ్డి మోపులు కూడా తెచ్చి పెట్టుకున్నాం. ఇదంతా తమరి కోసమా?

ఆ పద్ధతి పుట్టించి 2021లో పోయిన జపాన్ పెద్దాయన అకీరా మియావాకి జీవితమంతా చెప్పిన మాట ఒకటే. మనిషి చెయ్యి పడకముందు ఆ నేల మీద ఏ చెట్లు ఉండేవో వెతికి అవే నాటమన్నాడు. పొదలు, చిన్న చెట్లు, పెద్ద చెట్లు కలగలిపి చదరపు మీటరుకి మూడు నాలుగు చొప్పున పెట్టి, రెండు మూడేళ్ళు నీళ్ళు పోసి కలుపు తీసి, తర్వాత దాని మానాన వదిలేయమన్నాడు. మనవాళ్ళు అందులోంచి ‘చదరపు మీటరుకి మూడు’ అన్న ముక్క పట్టుకున్నారు. బిల్లు పెట్టడానికి పనికొచ్చే ముక్క అదొక్కటే మరి.

(మన ఎండు నేలల్లో ఇంత ఒత్తుగా నాటడమే తప్పనే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఎర్రచందనం రాళ్ళగుట్టల మీద ఎడం ఎడంగా పెరిగే చెట్టే కదా. ఆ వాదన మేమూ పెట్టుకుందుం. ముందు ఎర్రచందనం అంటూ వస్తే!)

తలెత్తితే ఎదురుగా శేషాచలం. ఎర్రచందనం, తంబ జాలారి, కొండ సాంబ్రాణి, మొగి... ఈ తూర్పు కనుమల దక్షిణ కొస దాటితే సహజంగా ఎక్కడా పెరగని చెట్లు ఆ కొండల్లో ఉన్నాయి. దొంగలు చీకట్లో కొండెక్కి కూడా ఎర్రచందనాన్ని గుర్తుపడతారు. వాళ్ళను పట్టుకోవడానికి ఏకంగా టాస్క్‌ఫోర్స్ ఉంది. పట్టపగలు రసీదు తీసుకుని కొనుక్కునే కాంట్రాక్టర్ గారికి మాత్రం దాని మొక్క దొరకలేదు!

తమరి వంశంలో ఒక శాఖది అమెరికా మడ అడవుల తీరం, ఇంకో శాఖది సోమాలియా, యెమెన్ వైపు. ఎంతో దూరం నుంచి వచ్చారు, సంతోషం. కానీ తమరి వేర్లు నీళ్ళ పైపుల్లో, డ్రైనేజీల్లో దూరుతున్నాయని, పుప్పొడితో జలుబు, ఆస్తమా వస్తున్నాయని గుజరాత్ 2023లో నాటొద్దని చెప్పేసింది. తెలంగాణ అంతకుముందే వద్దంది. మా కాలనీకి నీళ్ళు వచ్చేదే రోజు మార్చి రోజు. ఆ పైపులో కూడా తమరికి వాటా ఇవ్వాలా?

ఇంక మర్యాద నా వల్ల కాదు. నిన్ను కాదులే, నువ్వు చెట్టువి, ఎక్కడ పాతితే అక్కడ బతుకుతావు. ఆ తెలివి చూస్తే ముచ్చటేస్తుంది కూడా. నాకు మండేది జాబితా తీసుకుని, చదివి, “అట్నే లెండి సామీ” అని తలూపి, తక్కువ ధరకు దొరికే నిన్ను లారీకెత్తించిన మనిషి మీద. ఊరంతా కలిసి మట్టి చేస్తే, దాంట్లో ఇంత మోసం పాతడానికి చేతులెలా వచ్చాయయ్యా? పైగా ఫోన్ చేస్తే “నాటేశాం కదా, పెరగనీండి” అంటాడు.

పెరగనివ్వం. వచ్చే ఆదివారం పారలతో వస్తున్నాం. నీ మీద కోపం లేదు కాబట్టి వేర్లు తెగకుండానే తీస్తాం. లారీకెత్తి ఆయన ఇంటి ముందు, సరిగ్గా నీళ్ళ సంపు పక్కన దించుతాం. వేర్లకు పట్టుకున్న మట్టి మాత్రం దులిపి ఇచ్చి వెళ్ళు. అది చందా డబ్బులతో కొన్నది.

ఇట్లు,
గుంతలు తవ్విన వాళ్ళు