రాత్రి రెండింటి బ్యాకప్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్యాకప్ గారి సముఖానికి,

బెజవాడ సత్యనారాయణపురం నుంచి, మా ఇంటి ఫైళ్లకి రోజూ బయటి డిస్క్‌లో నకలు తీసిపెట్టమని తమరిని కొలువులో పెట్టుకున్న అభాగ్యుడు వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఇక్కడ హార్డ్ డిస్క్ కాలం చేసింది కాబట్టి సగం కుశలమే రాస్తున్నాను. తమరు మాత్రం కులాసాగానే ఉన్నారు. డిస్క్ పోవడానికి ముందు రాత్రి కూడా టంచనుగా రెండింటికి లేచి, పది నిమిషాల్లో "బ్యాకప్ విజయవంతం" అని మెయిల్ పెట్టి పడుకున్నారు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా హాల్లో టీవీ కింద గాలాడని అరలో పాత డెస్క్‌టాప్‌తో చేసుకున్న సర్వర్ ఉంది. సిస్టమూ ఫొటోలూ లెక్కలూ అన్నీ ఒకే 2 టీబీ డిస్క్ మీద. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద నానోమీటర్ల ఎత్తులో తేలే హెడ్డు. ఎండకే పోయిందని ప్రమాణం చెయ్యలేను, దానికీ ఆరేళ్లు నిండాయి. మే నెలాఖరున ఒక మధ్యాహ్నం టక్, టక్, టక్ అని మొదలుపెట్టింది. బల్లి అనుకుని అమ్మ "సత్యం" అంది.

నేను కంగారుపడలేదు. తమరున్నారన్న ధైర్యం. సర్వర్ ఆపేసి, బయటి డిస్క్ తీద్దామని వెనక్కి చెయ్యి పెడితే కేబుల్ తగిలింది. డిస్క్ తగల్లేదు.

"అమ్మా, ఇక్కడ నల్ల డబ్బా ఉండాలి?"

"సంక్రాంతికి బొమ్మల కొలువులో సీరియల్ బల్బులకి ప్లగ్గు చాలకపోతే పీకాను. బొమ్మలతో పాటు సర్దేసుంటాను, చూడు."

అటకెక్కి చూద్దును కదా, పాత పేపరు చుట్టుకుని, కొండపల్లి దశావతారాల పెట్టెలో వామనుడికీ పరశురాముడికీ నడుమ పడుకుని ఉంది. దాని భద్రతకి ఏ లోటూ లేదు. జనవరి తర్వాతి సరుకే ఒక్కటీ లేదు.

మరి ఈ నాలుగున్నర నెలలూ తమరు రోజూ ఏం మోశారు, ఎక్కడ దించారు? తర్వాత తెలిసింది. బయటి డిస్క్ తగిలించే చోట ఒక ఫోల్డర్ ఉంటుంది. డిస్క్ ఉంటే అది దానికి గుమ్మం. లేకపోతే ఉత్త ఫోల్డర్, అదీ పాత డిస్క్‌లోనే. తమరు గుమ్మం చూశారు, వెనక ఇల్లుందో లేదో చూడలేదు. డిస్క్‌లో ఉన్నదాన్నే తీసి మళ్లీ అదే డిస్క్‌లో పెట్టారు. ఎడమ జేబులో డబ్బు కుడి జేబులో వేసుకుని బ్యాంకులో కట్టినట్టు రోజూ రసీదు ఇచ్చారు. డిస్క్ నిండిపోతుంటే నేనేమో మా ఇంట్లో జ్ఞాపకాలు పెరుగుతున్నాయని మురిసిపోయాను.

ఇందులో నా చేతిరాత కూడా ఉంది, దాచను. బయటి డిస్క్ లేనప్పుడు సర్వర్ లేవనని మొరాయిస్తోందని, సెట్టింగుల్లో దాని వరుసలో "నోఫెయిల్" అని రాసింది నేనే. ఆ మాటుంటే డిస్క్ దొరక్కపోయినా మిషను ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఇంకోటి. తమరి విజయవార్తలు చదవలేక, సర్వర్ నుంచి వచ్చే మెయిళ్లన్నీ చదివినట్టే లెక్క కట్టి ఓ మూల పడెయ్యమని రూలు పెట్టాను. డిస్క్ పాపం ఏప్రిల్ నుంచీ "నా సెక్టార్లు, అదే సరుకు దాచే గళ్లు, పాడవుతున్నాయి బాబూ" అని అక్కడే మొత్తుకుంటోంది, తమరి విజయాల కింద పడి.

మార్చిలో గుంటూరు బ్రాడీపేటలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షను. ఫొటోలన్నీ పోయాయేమో అని నేను ఏడుస్తుంటే అమ్మ అసలు ప్రశ్న వేసింది. "ఫొటోల సంగతి సరే, చదివింపుల లిస్టు ఏదిరా? ఎవరెంత రాశారో తెలీకపోతే రేపు వాళ్లింట్లో పెళ్లికి మనమెంత పెడతాం?"

నాలుగు టీబీల కొత్త డిస్క్ కొన్నాను. వేరే కంప్యూటర్‌కి రెండూ తగిలించి, పాడైన డిస్క్ నుంచి దొరికినంత కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము నడిపాను. అది మా ఊరి కాలేజీల్లో చదివినట్టే ఉంటుంది. ఎంసెట్‌లో వచ్చిన బిట్లు ముందు గబగబా పెట్టేసి, రానివి చివర్లో గీకినట్టు, బాగున్న చోట్లన్నీ ముందు కాపీ చేసుకుని, మొండి సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి, రెండుసార్లు కరెంటు పోయినా మొదటికి రాలేదు. మూడు రాత్రులు టేబుల్ ఫ్యాను డిస్క్‌కి, విసనకర్ర నాకు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు మనసు రావట్లేదు. చదివింపుల లిస్టు అసలు ఫైలు సరిగ్గా పాడైన సెక్టార్ల మీదే పడింది, తెరుచుకోలేదు. తమరు కుడి జేబులో దాచిన కాపీ అదే డిస్క్‌లో ఇంకో చోట క్షేమంగా ఉంది. బాబాయి రాసిన వెయ్యిన్నూటపదహార్లతో సహా. అమ్మ దృష్టిలో తమరు ఇప్పుడు ఇంటి దేవుడు. నేను నోరు మూసుకున్నాను.

అయినా కొలువు నిబంధనలు మారాయి. డిస్క్ నిజంగా తగిలి ఉంటేనే పని మొదలు, లేకపోతే నా ఫోను మోగాలి. నెలకోసారి ఏదో ఒక ఫైలు నా కళ్ల ముందు వెనక్కి తెచ్చి చూపించాలి. ఇంకో డిస్క్ గుంటూరులో అక్కావాళ్లింట్లో ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా ఊళ్లో సింగ్‌నగర్ ఇళ్లు ముంచినప్పుడే చెయ్యాల్సిన పని ఇది. బయటి డిస్క్ ప్లగ్గు మీద, మళ్లీ ఎవరూ పీకకుండా, అమ్మే సున్నంతో అడ్డగీత గీసింది.

ఇక బాగుపడకుండా మిగిలింది ఒక్క ఫొటో. వేదిక మీద బావగారు, మెడ దాకా నవ్వుతున్నారు. కింద సగం బూడిదరంగు. తమరి కాపీ అయితే అసలు తెరుచుకోనే లేదు. "మీ బావ పట్టుపంచె కట్టిన ఫొటో అదొక్కటేరా" అని అక్క ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆమెకు ఏం చెప్పమంటారో సెలవివ్వండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి మెయిళ్లు ఇప్పుడు చదువుతున్నవాడు