నొప్పి తుంటిది, సూది నడుముకి

శ్రీకాకుళం జిల్లాలో మనిషి కుంటుతూ కనిపిస్తే చాలు, చూసినవాళ్లే రోగం పేరు చెప్పేస్తారు. నడుం నొప్పి, లేదంటే సయాటికా, అంటే నడుము నుంచి కాలికి లాగే నరం నొప్పి. తుంటి అనే కీలు ఒకటుందని గుర్తొచ్చేది ఇంట్లో ముసలమ్మ బాత్రూంలో జారిపడినప్పుడే.

తుంటి మీద కొడితే మూతి పళ్లు రాలాయంటారు. తుంటి నొప్పి తీరు అలాంటిదే. కీలు పాడైతే ముందు గజ్జల్లో పోటు మొదలై, తొడ మీదుగా మోకాలి దాకా దిగుతుంది. కొందరికి మోకాలు మాత్రమే నొస్తుంది. అదే పిరుదు వెనక నుంచి పిక్క దాకా లాగితే మూలం చాలాసార్లు నడుములో ఉంటుంది. ఈ తేడా పట్టుకోవడానికి మొదట కావాల్సింది చూసే ఓపిక. ఎక్కడ నొప్పి అని అడిగితే తుంటి రోగి తరచూ వేలు పెట్టి చూపించడు. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జ వైపు పెట్టి తుంటిని పట్టుకుంటాడు. బాసింపట్టు వేయలేడు, కాలి గోళ్లు తీసుకోలేడు. పడుకోబెట్టి మోకాలు మడిచి పాదం బయటికి తిప్పితే కెవ్వుమంటాడు. ఇదంతా రెండు నిమిషాల పని.

పలాస దగ్గర నాకు తెలిసిన తాపీమేస్త్రీకి ఆ రెండు నిమిషాలే దొరకలేదు. వయసు 36. రెండేళ్లు నడుం నొప్పి పేరుతో సూదులు వేయించుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ న్యూస్‌పేపరు పొట్లం, అందులో మూడు రంగుల బిళ్లలు. అవి ఏమిటో ఆయనకు తెలియదు, ఇచ్చినవాడు చెప్పలేదు. చివరికి తుంటి ఎక్స్‌రే తీస్తే, గుండ్రంగా ఉండాల్సిన తొడ ఎముక తల తొక్కిన బంతిలా కుంగిపోయి ఉంది. ఏవీఎన్ అన్నారు. రక్తం అందక ఎముక చచ్చిపోవడం. పడమటి దేశాల్లో తుంటి మార్పిడి ఎక్కువగా కీలు అరిగిన పెద్దవాళ్లకు జరుగుతుంది. మన దగ్గర ఏవీఎన్‌తో వచ్చే పడుచువాళ్లే చాలామంది. మద్యం, పాత దెబ్బలు, మన్యంలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు, వీటన్నిటితో పాటు స్టెరాయిడ్లు దీనికి కారణాలు. ఆ పొట్లంలో స్టెరాయిడ్ బిళ్ల కూడా ఉండుంటే నొప్పి అణుస్తూనే ఎముకను తినేసినట్టు.

పైగా ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. దెబ్బతిన్న కిడ్నీని నొప్పి మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయన్నది మాత్రం ఎప్పుడో తేలింది. రాష్ట్రంలో ఇంకెక్కడ ఇచ్చినా, ఇక్కడ మాత్రం చీటీ లేకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర చేతిలో పెట్టకూడదు. నా దృష్టిలో అది నేరం.

అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఊళ్లో ఈ సూదులేసే ఆర్ఎంపీయే కదా అంటారు. నిజమే, కాదనను. ఇంత చిన్న వయసులో కీలు మారిస్తే రేపు మళ్లీ కోయాలి కదా అనే భయమూ ఉంది. కొందరికి అవసరం పడుతుంది కూడా.

అయినా ఆ భయం పాత లెక్కల మీద నిలబడింది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో 1962లో గాడిలో పెట్టిన ఆపరేషన్ ఇది. ఇలా మార్చిన తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. చాలామందిని మర్నాడే నడిపిస్తున్నారు. ఎముక తల కుంగకముందే ఎంఆర్ఐలో దొరికితే, లోపల రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో కొందరికి సొంత కీలే మిగులుతుంది. మేస్త్రీకి ఆ అవకాశం బిళ్లల పొట్లంలోనే పోయింది.

ఎక్స్‌రే కవరు మీద డాక్టరు రాసిన మాట ఒక్కటే: వైజాగ్. ఉత్తరాంధ్ర రోగాలన్నిటికీ ఇదే మందు! శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. విజయనగరంలో 2023లో ఇంకొకటి తెరిచారు. మరి తుంటి పాడైనవాణ్ణి బస్సెక్కించడం ఏమిటి? ఇచ్ఛాపురం నుంచైతే 200 కిలోమీటర్లకు పైనే. మనకు కాలేజీ బోర్డులు ఇస్తారు, ఆపరేషన్ బల్లలు మాత్రం వైజాగ్ లో ఉంటాయి. ప్రతి మండలంలో వారానికి ఒక్కరోజు ఎముకల డాక్టరు కూర్చుంటే, ఆ పక్క గదిలో ఎక్స్‌రే మెషిన్ నిజంగా పనిచేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఓట్లప్పుడు ఎవరైనా అడిగారా ఈ మాట?

మేస్త్రీ టెక్కలి దాకా సీట్లో ఒరిగి కూర్చున్నాడట. ఆపైన కూర్చోలేక నరసన్నపేట దాకా నిలబడ్డాడు. వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రెండు చేతులతో కడ్డీ పట్టుకుని మెట్టు దిగుతుంటే కండక్టరు జాలిగా అడిగాడట, "నడుం నొప్పా బావూ?" అని.