లైకు కొట్టనివాడికి హార్లిక్స్

అజా రాస్కిన్ అని అమెరికాలో ఒక డిజైనరు ఉన్నాడు. పూర్వం ఇంటర్నెట్లో ఏది చదివినా పేజీ అయిపోయాక ‘తర్వాతి పేజీ’ అన్న చోట నొక్కాల్సి వచ్చేది. ఆ నొక్కే అరక్షణంలో మనిషికి బుద్ధి వచ్చి, లేచి స్నానానికి వెళ్లిపోయే ప్రమాదం ఉండేది. 2006లో ఈయన ఆ ప్రమాదం తప్పించాడు. జరుపుతున్నకొద్దీ కింద నుంచి వస్తూనే ఉండే ఏర్పాటు చేశాడు. తర్వాత పదిమందిలో చాలా బాధపడ్డాడు లెండి. ఆయన బాధ ఆయనది, నా బొటనవేలి నొప్పి నాది.

అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చేతిలో ఫోను ఉండేది. ముక్కూ మొహం తెలియని వాడెవడో పెరట్లో బావి తవ్వుతుంటే కన్నార్పకుండా చూసేవాణ్ణి. విస్తట్లో ఏం వేశారో తెలిసేది కాదు. కందిపచ్చడి అనుకుని మా ఆవిడ సున్నిపిండి పెట్టినా తినేసేవాణ్ణేమో.

ఇలా కాదని అందరూ ఉండే ఆ పెద్ద చోటు వదిలి, మాస్టోడాన్ అనే చిన్న సోషల్ మీడియాలో చేరాను. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో అనే కుర్రాడు 2016లో మొదలుపెట్టింది. అంతటికీ కలిపి ఒక యజమాని ఉండడు. ఎవరి సర్వరు, అంటే ఖాతాలన్నీ ఉంచే కంప్యూటరు, వాళ్లది. అన్నిటి మధ్యా రాకపోకలుంటాయి. ప్రకటనలు లేవు. మనకేం నచ్చుతుందో కనిపెట్టి ముందు పెట్టే మాయ లేదు. మనం ఎంచుకున్నవాళ్లు రాసింది రాసిన వరసలో వస్తుంది, అయిపోతే అయిపోయినట్టే. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు మన దేశం వాళ్లు నిరసనగా గుంపులుగా ఇటొచ్చారు. నేను చేరేసరికి వాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లిపోయినట్టున్నారు. నాకు దొరికిన కాస్త జనం జర్మనీ వాళ్లూ, పిట్టల ఫోటోలు తీసే ఒక ఫిన్లాండ్ పెద్దాయనానూ.

దీనిలో ఉన్న అసలు కిటుకు నేను ముందు గమనించలేదు. వేసవిలో మనకు పొద్దున ఏడైతే జర్మనీలో తెల్లవారుజామున మూడున్నర. నా కాఫీ వేళకు నా లోకమంతా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. పైనుంచి కిందికి లాగితే రాత్రి చూసిన పిచ్చుకే. మళ్లీ లాగితే అదే పిచ్చుక, ‘ఇంకా పోలేదా’ అన్నట్టు చూసేది. ఫోను పక్కన పెట్టక తప్పేది కాదు. మా ఇంటి ఉప్మాలో జీడిపప్పు వేస్తారని అప్పుడే తెలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పెద్ద చోట నా బొటనవేలు చేసిపెట్టిన ఉద్యోగం ఒకటుంది. బంధువుల ఫోటోలకు లైకులు కొట్టడం. చూసి కొట్టేవాణ్ణి కాదు, దారిలో తగిలినవాటికల్లా కొట్టుకుంటూ పోయేవాణ్ణి. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఒకసారి ఒక సంవత్సరీకం కూడా. ఆ వేలు పని మానేసిన వారంలోనే మా పెదనాన్నగారి మనవరాలి ఓణీల ఫంక్షన్ జరిగింది. అరవై చిల్లర ఫోటోలు పెట్టారట. ఒక్కదానికీ నా లైకు లేదు.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. అందులో నన్ను కలపలేదు కాబట్టి, నన్ను వదిలేసి నడిచే గ్రూపు ఇంకొకటి ఉందని కూడా తర్వాతే తెలిసింది. పిలుపు ఇంటికొచ్చి చెప్పకుండా ఫోన్లో పంపారని అలిగానని ఒక వర్గం. పొలం గట్టు సంగతి మనసులో పెట్టుకున్నానని రెండో వర్గం. మూడోది మా తెనాలి బాబాయ్‌ది. “మనిషి మంచివాడే. లైకు కొట్టలేదంటే కొట్టే స్థితిలో లేడన్నమాట. స్టెంటు వేసుంటారు. మన కంగారు చూడలేక కోడలు పిల్ల దాచిపెడుతోంది.” ఈ సిద్ధాంతంలో కన్నీళ్లున్నాయి కాబట్టి ఇదే నెగ్గింది.

తెల్లారుతూనే కాలింగ్ బెల్లు. తలుపు తీస్తే బాబాయ్, పిన్ని. ఒకరి చేతిలో హార్లిక్స్ సీసా, ఇంకొకరి చేతిలో బత్తాయిల సంచి. పిన్ని నన్ను చూస్తూనే, “ఎంత చిక్కిపోయావురా నాన్నా!” అంటూ గుమ్మంలోనే ఏడుపు అందుకుంది. నేను అంతకుముందు నెల మీద రెండు కిలోలు పెరిగున్నాను. పాల ప్యాకెట్టు తీసుకోవడానికి వచ్చిన ఎదురింటాయన ప్యాకెట్టు అలాగే పట్టుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు.

బాబాయ్ నన్ను సోఫాలో కూర్చోబెట్టి బనీను మెడ కిందికి లాగి చూశారు.

“కుట్లేవిరా?”

“ఏం కుట్లు బాబాయ్?”

“ఆఁ, ఇప్పుడు మణికట్టులోంచి పంపిస్తున్నారటగా!” అని నా చెయ్యి తిప్పి దీపం కింద పెట్టారు. అక్కడ ఎర్రగా ఒక మచ్చ. దోమ కుట్టింది. “ఇదిగో, ఇక్కణ్ణుంచే!” అన్నారు పిన్నికేసి చూసి. ఏడుపు మళ్లీ మొదలైంది. కాఫీ తెచ్చిన మా ఆవిడ, “ఏం లేదు మావయ్యగారూ, నిక్షేపంగా ఉన్నారు” అంటే, పిన్ని ఆమెను పక్కకు లాక్కెళ్లి “నా దగ్గర కూడా దాస్తావుటమ్మా” అని వెన్ను నిమిరింది.

“నాకేం జబ్బు లేదు బాబాయ్. పెద్దది మానేసి చిన్నదాంట్లో చేరాను, అంతే.”

“చిన్నదంటే? జీతం తగ్గించారా?”

ఇక లాభం లేదని ఫోను తీసి చూపించాను. అరగంట పట్టింది అర్థమయ్యేలా చెప్పడానికి. ఈలోగా పిన్ని బత్తాయి రసం తీసి నాతో తాగించింది. మిగతా బంధువులందరికీ ఫోన్లు చేసి, బతికే ఉన్నానని, ఓణీలు చాలా బాగా జరిగాయని చెప్పుకునేసరికి సాయంత్రమైంది. స్క్రోలింగ్ మానేసి మిగుల్చుకున్న సమయమంతా ఆ ఒక్కరోజులో సంజాయిషీల కింద చెల్లిపోయింది.

బాబాయ్ మాత్రం ఫోను వదల్లేదు. హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మనిషి. “నాకూ ఒక ఖాతా తెరువు” అన్నారు. తెరిచాను. మర్నాడు గులాబీ, దీపం, ‘శుభోదయం’ ఉన్న బొమ్మ పెట్టారు. అక్కడ బొమ్మ పెడితే చూపు లేనివాళ్ల కోసం అందులో ఏముందో మాటల్లో రాయడం మర్యాద. ఆ మాటే ఒక జర్మనీ ఆవిడ ఎంతో వినయంగా చెప్పింది. టపాకు 500 అక్షరాలే ఇస్తారు గానీ, బొమ్మ వర్ణనకు 1500 దాకా ఇస్తారు. తెలుగు పండితుడికి ఈ సంగతి తెలియకూడదు. మర్నాటి గులాబీ రేకు మీది మంచు బిందువు దగ్గర మొదలై, అరుణోదయం, తుమ్మెద ఝంకారం, మలయమారుతం మీదుగా సాగి 1500వ అక్షరం దగ్గర సమాసం మధ్యలో తెగిపోయింది. ఆవిడ దాన్ని యంత్రంతో అనువాదం చేసుకుని, ఇంత అందమైన వర్ణన చూడలేదని బదులిచ్చింది. ఇంకేముంది, బాబాయ్‌కి రెక్కలొచ్చాయి. శుభోదయం, శుభమధ్యాహ్నం, ఏకాదశి. పొద్దున ఏడింటికి ఖాళీగా ఉండే నా టైమ్‌లైన్లో ఇప్పుడు ఒక్కరే ఉంటున్నారు, వరసగా తొమ్మిది గులాబీలతో. ఉప్మా సంగతి మళ్లీ నాకు తెలియడం లేదు.

మొన్న మా సర్వరు నడిపే కుర్రాడు నెల లెక్క రాసిపెట్టాడు. ఖర్చంతా చందాలతోనే నడవాలి, ఈ నెల కొంత తక్కువ పడింది, నేనే వేసుకున్నాను అని. నేను చూసి జరిపేశాను. కాసేపటికే బాబాయ్ ఫోను.

“ఒరేయ్, ఆ పిల్లాడు చేతి డబ్బులు పెట్టుకుంటున్నాడట్రా! మనం ఉత్తపుణ్యానికి కూర్చుని గులాబీలు పెడుతున్నాం. ఫోన్‌పే నంబరుందా వాడికి?”

“వాళ్లకి ఫోన్‌పే ఉండదు బాబాయ్. కార్డుతో కట్టాలి.”

“కార్డు నంబరు కన్నకొడుక్కి కూడా చెప్పొద్దని బ్యాంకువాళ్లు మొత్తుకుంటున్నారు గదరా. ఒక పని చెయ్. మనవాళ్ల పిల్లలెవరైనా చదువుకి అటు వెళ్తుంటే కనుక్కో. మీ పిన్ని నిన్ననే కొత్తావకాయ తిరగ్గలిపింది. రెండు కిలోలు కట్టిస్తాను.”

వెనక నుంచి పిన్ని గొంతు వినపడుతోంది. “వెల్లుల్లి వేసింది పంపాలో, వెయ్యనిది పంపాలో ఆ పిల్లాణ్ణి ముందే అడగమనండి!”