గట్టు మీద చీకటి, కంట్లో కదలిక

వెలుగు పడగానే రెటీనాలో (కంటి వెనక వెలుగును పట్టే పొరలో) శంకు కణాలు, అంటే పగటి చూపునీ రంగుల్నీ చూసుకునేవి, ముందు కాస్త కుంచించుకుని, తర్వాత సాగుతాయన్న ఒక వ్యాసం రెండుసార్లు చదివానండి. కుంచించుకోవడం కొన్ని మిల్లీసెకన్లలో, కొద్ది పదుల నానోమీటర్ల మేర. సాగడం వందల నానోమీటర్ల దాకా. మొదటిదానికి కణపొరలో విద్యుదావేశం కదలడం, రెండోదానికి కణంలోకి నీరు చేరడం కారణమంటున్నారు. బతికున్న మనిషి కంట్లోనే దీన్ని కొలవగలగడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది.

ఒక్క మాట చేర్చాలి. ఈ కణాలు చీకట్లోనే తెరిపి లేకుండా పనిచేస్తాయి: సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది, పక్క నాడీకణాలకి కబురు చేర్చే గ్లుటమేట్ అనే రసాయనం విడుదలవుతూనే ఉంటుంది. విటమిన్ ఎ నుంచి తయారైన రెటినాల్ అణువు ఒక్క ఫోటాన్ (వెలుగు రేణువు) తగిలితే చాలు, వంపు విడిచి నిటారవుతుంది. దాంతో సోడియం వచ్చే ద్వారాలు మూసుకుంటాయి, గ్లుటమేట్ తగ్గుతుంది. వెలుగు వచ్చిందని మెదడుకు తెలిసేది ఆ తగ్గుదల వల్లే.

మాది కోనసీమ. రొయ్యల చెరువుకి రాత్రి కాపలా వెళ్లినప్పుడు మా నాన్నగారు షెడ్డులో బల్బు కింద నుంచి బయటికొచ్చి, గట్టెక్కకుండా చాలాసేపు నిలబడేవారు. "కళ్లకి చీకటి పట్టనీరా" అనేవారు. మసక వెలుగులో చూపునిచ్చే దండ కణాల్లో, వెలుగుకి విడిపోయిన రోడాప్సిన్ (వెలుగును పట్టే పదార్థం) పూర్తిగా తిరిగి కూడుకోవడానికి అరగంట దాకా పడుతుంది మరి.

పొద్దుగూకాక తడుముకునే పిల్లలుంటే కంటి డాక్టరుకి చూపించండి. రేచీకటికి విటమిన్ ఎ లోపమే కాదు, వంశపారంపర్య జబ్బులూ కారణమవుతాయి.